మీ బయోలో మీరు లేరు

వెబ్ పత్రికలో కథో వ్యాసమో చదవడం అయిపోయాక అడుగున ఒక చిన్న డబ్బా కనిపిస్తుంది. గుండ్రంగా కత్తిరించిన ఫొటో, పక్కన మూడు లైన్లు. పైన "రచయిత గురించి" అని ఉంటుంది. చాలాసార్లు ఆ డబ్బాలో రచయిత గురించి తప్ప మిగతావన్నీ ఉంటాయి.

"అక్షరాలతో సహజీవనం. వాన, చాయ్, ఇళయరాజా ఉంటే చాలు."

"వృత్తి సాఫ్ట్‌వేర్, ప్రవృత్తి సాహిత్యం. కొంచెం కవి, కొంచెం పిచ్చి."

"ప్రకృతి ప్రేమికురాలు, నిత్య విద్యార్థిని. మనుషుల్ని చదవడం ఇష్టం."

ఈ మూడూ నేను ఇప్పుడే కట్టినవి. ఎవరినీ ఉద్దేశించి కాదు. అయినా ఒక్కొక్కటి చదువుతుంటే మీకు నలుగురైదుగురు గుర్తొచ్చి ఉంటారు. నా ఫిర్యాదు అదే. ఒకరి డబ్బా ఊడదీసి ఇంకొకరి కథ కింద అంటించండి. పాఠకులకు తేడా తెలియదు. ఆ మాటకొస్తే ఆ ఇద్దరికీ కూడా తెలియకపోవచ్చు.

ఇవి అబద్ధాలు అనట్లేదు. అబద్ధం అయ్యే అవకాశం కూడా లేని మాటలు అంటున్నాను. మీరు ప్రకృతిని ప్రేమించట్లేదని ఎవరు నిరూపిస్తారు? నిత్య విద్యార్థి కాదని ఎవరు పరీక్ష పెడతారు? ఎవరూ కాదనలేని మాటతో ఎవరికీ ఏమీ తెలియదు.

ఈ రకం బయోకి ఇప్పుడు పాఠాలు కూడా చెబుతున్నారు. "ఎంగేజింగ్‌గా ఉండాలి" అంటారు. థర్డ్ పర్సన్‌లో రాయాలట, 50 పదాలు దాటొద్దట. ఒక చిన్న జోకు, ముద్దొచ్చే ఒక బలహీనత, వీలైతే ఒక పిల్లి. ట్విట్టర్ 160 క్యారెక్టర్ల జాగా ఇచ్చింది, ఇన్‌స్టాగ్రామ్ 150 ఇచ్చింది. అక్కడ అలవాటైన చెయ్యి సాహిత్య పత్రికలోకి వచ్చినా మారలేదు. ఇంగ్లీషు పుస్తకాల వెనక అట్టల మీద రచయితలు లండన్‌కీ న్యూయార్క్‌కీ మధ్య కాలం పంచుకుంటూ ఉంటారు. మన దగ్గర అదే మాట "ఉద్యోగం హైదరాబాద్‌లో, మనసు పల్లెలో" అయి కూర్చుంది. ఏ పల్లె అని అడిగితే జవాబు ఉండదు.

మూడు లైన్లకి ఇంత గొడవ అవసరమా అంటారా? అవసరమే. బయో పని పాఠకుణ్ణి బుట్టలో వేసుకోవడం కాదు. ఇప్పటిదాకా ఈ మాటలన్నీ అన్నది ఎవరు, ఎక్కడ నిలబడి అన్నారు, వాళ్లకి ఈ సంగతులు ఎట్లా తెలుసు అని చెప్పడం. కథ ఎక్కడ జరిగిందో కథలో ఉంటుంది. చెప్పినవాడు ఎక్కడున్నాడో బయోలోనే ఉండాలి. అది దాచిపెట్టి చాయ్ గురించి చెప్పడాన్ని వినయం అనలేం, తప్పించుకోవడం అనాలి.

*

తన గురించి తానే ఇంకొకరిలా చెప్పుకోవడం ఇంటర్నెట్ నేర్పిన విద్య కాదు. పాత తెలుగు కావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివర ఒక గద్యం వస్తుంది. ఇది రాసింది ఫలానావాడు, ఫలానావారి కొడుకు, ఫలానా బిరుదు కలవాడు అని కవే చెప్పుకుంటాడు. అచ్చంగా మన డబ్బా లాంటిదే. తిక్కన అక్కడ తనను ఉభయకవిమిత్రుడినని చెప్పుకున్నాడు. పోతన కేసన కొడుకునని, తనది సహజ పాండిత్యమని చెప్పుకున్నాడు. వంశాల డప్పు వాటిలో బోలెడుంది, దాన్ని వెనక్కి తెమ్మని నేను అడగను. కానీ చూడండి, సహజ పాండిత్యం అనేది పండితుల మొహం మీద పెట్టిన దావా. కావ్యం పక్కనే ఉంది, తెరిచి తేల్చుకోండి అన్నట్టు. కాదనదలిస్తే కాదనొచ్చు.

మా పాలమూరు వైపు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు పండితుల రాకపోకలకు పేరుపడ్డవి. గద్వాలను విద్వద్గద్వాల అనేవాళ్లు. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేసుకుంటూ ఈ దిక్కుకూ వచ్చారు. ఆ ఇద్దరూ తమ మీసాల మీద చెప్పిన పద్యం తెలుగు చదువుకున్నవాళ్లలో చాలామందికి నోటికొచ్చు. దాని సారాంశం ఇది: మీసం పెంచడం తప్పని తెలిసే పెంచాం, రెండు భాషల్లోనూ మేమే కవులమని చెప్పడానికి, మమ్మల్ని గెలిచేవాళ్లు ఉంటే రండి, తీసేసి కాళ్లకు మొక్కుతాం. మీకు నచ్చినా నచ్చకపోయినా బయో అంటే అదీ. అందులో ఒక పందెం ఉంది. ఓడిపోతే మీసం పోతుంది. "కొంచెం కవి, కొంచెం పిచ్చి" అన్నవాడికి ఏం పోతుంది?

మూడో ఉదాహరణ అన్నిటికన్నా ముఖ్యం, అదీ ఈ జిల్లాలదే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరు అని ఎవరో అన్న మాట సురవరం ప్రతాపరెడ్డిని కాల్చింది. ఆయనది ఇటిక్యాలపాడు, పుట్టింది బోరవెల్లిలో, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న మనిషి. కోపంతో ఖండన వ్యాసం రాసి ఊరుకోవచ్చు. ఆయన అట్లా చేయలేదు. కవుల వివరాలు అడిగి తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశాడు. పద్యాలతో పాటు ఎవరెక్కడివారో క్లుప్తంగా వేశాడు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ 354 మందీ ఊరి పేరు రాయకుండా "ప్రకృతి ప్రేమికుడు, సరస్వతీ ఉపాసకుడు" అని మాత్రమే రాసి పంపి ఉంటే ఆ సంచికకు విలువేంటి? కవులు లేరన్న మాటకు జవాబు పద్యాలు ఒక్కటే కాదు, ఆ ఊర్ల పేర్లు కూడా. ఫలానా తాలూకాలో, ఫలానా ఊర్లో, ఫలానా మనిషి కూర్చుని తెలుగు పద్యం రాస్తున్నాడన్నది కాదనలేని రుజువు. ఊరి పేరుకి అంత బలం ఉంటుంది. మనం దాన్ని తీసి పక్కన పడేసి, ఆ జాగాలో పిల్లిని కూర్చోబెట్టాం.

*

ఇగ మా ఊరి సంగతికి వస్తాను. నాది మన్ననూర్, నాగర్‌కర్నూల్ జిల్లా, అమ్రాబాద్ మండలం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయేటప్పుడు సుమారు 140 కిలోమీటర్ల దగ్గర అడవి శాఖ చెక్‌పోస్ట్ వస్తుంది చూడండి, అదే. రాత్రి 9 గంటలకు గేటు పడితే మళ్లీ పొద్దున 6కి లేస్తుంది. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. లోపల పెంటల్లో చెంచులుంటారు. వాళ్ల కోసం పెట్టిన ఐటీడీఏ ఆఫీసు మా ఊళ్లోనే ఉంది.

ఈ మధ్య శని ఆదివారాలు మా ఊరికి రచయితలు చాలామంది వస్తున్నారు. సఫారీ ఎక్కి, ఫరహాబాద్ వ్యూపాయింట్ దగ్గర నిలబడి, తిరిగి పోయి నల్లమల మీద కవిత రాస్తారు. రాయనీ, అడవి ఎవడబ్బ సొమ్మూ కాదు. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు పట్నం నుంచి రచయితలు గొంతు కలిపారు. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ కూడా వద్దని తీర్మానం చేసింది. ఆ గొంతుల మీద నాకు గౌరవం ఉంది. నేను అడిగేది అది కాదు. ఆ కవిత కింద బయోలో "అడవి పిలుపు విన్నవాడు" అని ఉంటుంది చూడండి, దాని సంగతి. రెండు రోజులు ఉన్నవాడెవరో, ఇరవై ఏళ్లు ఇక్కడ టీచరుగా పనిచేసినవాడెవరో, పెంటలో పుట్టినవాడెవరో ఆ మాటతో ఎట్లా తెలుస్తుంది? ముగ్గురూ అడవి పిలుపు విన్నవాళ్లే కదా.

చెంచుల విషయంలో ఈ తేడా చాలా పెద్దది. ఎందుకంటే వాళ్ల బయో ఎప్పుడూ వేరేవాళ్లే రాస్తూ వచ్చారు. తెలుగు దేశమంతటికీ చెంచు అంటే మొదట గుర్తొచ్చేది "చెంచులక్ష్మి" సినిమా. 1943లో ఒకసారి, 1958లో ఒకసారి తీశారు. 1970ల్లో ప్రభుత్వం ఆదిమ గిరిజన తెగలని ఒక పట్టిక మొదలుపెట్టి అందులో చెంచుల్నీ రాసింది. ఆ "ఆదిమ" అన్న మాట అవమానంగా ఉందని ఢిల్లీకి తట్టి దాన్ని మార్చేసరికి 2006 వచ్చింది. ఇప్పుడు పీవీటీజీ అంటున్నారు, ప్రత్యేకంగా దుర్బలమైన సమూహం. మన బయోలో ఒక్క విశేషణం నచ్చకపోతే ఎడిటర్‌కి వాట్సాప్‌లో మెసేజ్ పెడతాం, సాయంత్రానికి మారిపోతుంది. వాళ్ల విశేషణం మారడానికి ముప్పై ఏళ్లు పట్టింది. కొత్తది కూడా వాళ్లు ఎంచుకున్నది కాదు.

పుస్తకం రాసినవాళ్లలో పెద్దపేరు హైమండార్ఫ్‌ది. 1940లో ఈ అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య ఉండి, 1943లో "ది చెంచూస్: జంగిల్ ఫోక్ ఆఫ్ ది డెక్కన్" అచ్చు వేశాడు. ఆయన గురించి "ప్రఖ్యాత మానవ శాస్త్రవేత్త" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు. లేదా ఇట్లా చెప్పొచ్చు: ఆస్ట్రియా మనిషి, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడయ్యాడు, హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు, తర్వాత గిరిజన వ్యవహారాల్లో నిజాం ప్రభుత్వానికే సలహాదారు అయ్యాడు. రెండోది తెలిశాక ఆ పుస్తకం చదవడం మారుతుంది. ఈ మనిషి ఇక్కడికి ఎందుకు వచ్చాడు, ఎవరి అనుమతితో ఉన్నాడు, ఎవరికి నివేదిక ఇవ్వాల్సిన మనిషి అయ్యాడు అన్న ప్రశ్నలు పక్కనే కూర్చుంటాయి. పుస్తకం చిన్నదైపోదు. మనం కళ్లు తెరిచి చదువుతాం, అంతే.

నాకు జరిగింది కూడా చెబుతాను. కొన్నేళ్ల కింద ఒక సంకలనానికి కథ పంపాను. పేరు అనవసరం. బయోలో ఇట్లా రాశాను: "మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర మా నాయనకు కిరాణా కొట్టు ఉండేది. చెంచులకు ఉద్దెర ఇచ్చేవాడు, తేనె ఇచ్చి తీర్చేవాళ్లు. నేను అచ్చంపేటలో చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో అకౌంట్స్ పని చేస్తున్నాను." పుస్తకం చేతికొచ్చాక చూస్తే "నల్లమల ఒడిలో పుట్టిన అడవిబిడ్డ. ఆకుల గలగలలో అక్షరాలు నేర్చుకున్నాడు" అని ఉంది. అడిగితే "మీది కొంచెం డ్రైగా ఉంది, ఎంగేజింగ్‌గా ఉండాలని మార్చాం" అన్నారు.

ఆ మార్పులో ఏం పోయిందో చూడండి. నా కథలో ఒక చెంచు ముసలాయన ఉన్నాడు, ఒక కొట్టు ఉంది. నేను ఆ కథ చెప్పింది గల్లాపెట్టె ఇటువైపు కూర్చుని. ఉద్దెర ఖాతా పుస్తకంలో ఆ పేర్లు రాసింది మా ఇంటివాళ్లు. ఆ తేనెకి ఎంత ధర కట్టామో, ఆ ధర ఎవరు నిర్ణయించారో అడిగే హక్కు పాఠకులకు ఉంది. నా మూడు లైన్లు ఆ ప్రశ్నకి తలుపు తీసి పెట్టాయి. "అడవిబిడ్డ" ఆ తలుపు మూసేసింది. అప్పు ఇచ్చినవాడి కొడుకుని తీసుకెళ్లి అప్పు తీసుకున్నవాడి ఇంట్లో పుట్టించింది. పైగా చదివినవాళ్లు నన్ను చెంచు అనుకున్నారు. ఒక చెంచు రచయితకి దక్కాల్సిన చోటు నాకు దక్కినట్టు లెక్క పడింది. ఇది డ్రైగా ఉండటం, తడిగా ఉండటం సమస్య కాదు. ఒకరి పుట్టుకని ఇంకొకరికి కట్టబెట్టడం. తర్వాతి ముద్రణలో మార్చమని రాశాను, ఇంకో ముద్రణ రాలేదు.

*

దీనికి ఎదురు చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్ల మాటల్లో బలమైనవి మూడు.

మొదటిది: రచన మాట్లాడాలి, రచయిత ఎందుకు? సరే, ఒప్పుకుంటాను. అట్లయితే డబ్బా ఖాళీగా వదిలేయండి. పేరు మాత్రమే పెట్టండి. ఆ మౌనానికి ఒక మర్యాద ఉంది. కానీ "రచనే మాట్లాడాలి" అంటూనే వాన, చాయ్, ఫిల్టర్ వేసిన ఫొటో పెట్టడం ఏ సిద్ధాంతం? రచయిత వద్దనుకున్నవాళ్లు రచయిత ఫొటో ఎందుకు పంపినట్టు?

రెండోది: అందరూ అన్నీ చెప్పుకోలేరు. ఇది నిజమైన అభ్యంతరం. ఇంట్లో తెలిస్తే గొడవయ్యే ఆడపిల్ల, పై అధికారికి భయపడే ఉద్యోగి, ఊళ్లో దాడికి భయపడే మనిషి మారుపేరుతో రాస్తే నేను చప్పట్లు కొడతాను. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ 2015 జనవరిలో తనలోని రచయిత చచ్చిపోయాడని, ఇక టీచరుగా మాత్రమే ఉంటానని ఫేస్‌బుక్‌లో రాసుకోవాల్సి వచ్చింది. సొంత ఊరి గురించి రాసినందుకు ఆ గతి. ఎలెనా ఫెరాంటే అసలు పేరు 2016లో ఒక జర్నలిస్టు బయటపెడితే ఆమె పాఠకులే మండిపడ్డారు. మన బీనాదేవి ఒక్క మనిషి కాదు, భార్యాభర్తలిద్దరి ఉమ్మడి కలం పేరు. దాని వల్ల ఆ కథలకి లోటేం రాలేదు. నేను ఆధార్ కార్డు అడగట్లేదు. పేరు దాచుకోండి, ఇంటి అడ్రసు దాచుకోండి. రాస్తున్న విషయానికీ మీకూ ఉన్న సంబంధం మాత్రం చెప్పండి. "మారుపేరుతో రాస్తున్నాను. ఈ కథలోలాంటి హాస్టల్లో ఆరేళ్లు ఉన్నాను." ఇందులో ప్రమాదం లేదు, కావలసినంత నిజం ఉంది.

మూడోది: ఇట్లా అడిగితే చివరికి కులం అడిగినట్టే కదా? అడిగే చోట అడిగినట్టే. దళిత, బహుజన, గిరిజన రచయితలు తమ చోటు ఎక్కడో చెప్పుకునే రాస్తూ వచ్చారు. చెప్పకపోయినా విమర్శకులు వెతికి మరీ రాశారు. "నేను కేవలం మనిషిని" అనే సౌకర్యం ఎవరికి దొరుకుతుందో గమనించండి. ఎవరి ఇల్లు, భాష, పండగలు మామూలు అనిపించుకుంటాయో వాళ్లకే. కొందరి బయోలో కులం ఉండటమూ, కొందరి బయోలో పిల్లి ఉండటమూ యాదృచ్ఛికం కాదు. బరువంతా ఒకే వైపు మోయించడం ఆపాలంటే రెండో వైపు కూడా నోరు తెరవాలి.

*

ఎడిటర్లకి నా మనవి ఒకటే. "ఆసక్తికరంగా 50 పదాల్లో మీ పరిచయం పంపండి" అనే మెయిల్ మానేయండి. బదులుగా నాలుగు ప్రశ్నలు పంపండి. ఏ ఊరు, ఇప్పుడు ఎక్కడున్నారు? బతకడానికి ఏం చేస్తారు? ఇప్పుడు రాసిన దాంట్లోని మనుషులూ చోటూ మీకు ఎట్లా తెలుసు? ఇంతకు ముందు ఏం రాశారు, ఎక్కడ దొరుకుతుంది? ఇష్టం లేని ప్రశ్న వదిలేయొచ్చని కూడా రాయండి. వచ్చిన జవాబుల్ని అట్లాగే వేయండి. దయచేసి మెరుగు పెట్టకండి.

ఈ బయో చదవబుద్ధి కాదని భయపడేవాళ్లకి ఒక మాట. "మన్ననూర్‌లో రెండు రోజులు ఉండి ఈ కవిత రాశాను, గైడ్ చెప్పిన మాటలే ఇందులో ఎక్కువ" అని ఎవరైనా రాసుకుంటే నేను ఆ కవిత మళ్లీ మొదటి నుంచి చదువుతాను. "మా ఇంట్లో పాలేరు ఉండేవాడు, ఈ కథ అతని గురించి" అని ఎవరైనా రాసుకుంటే కథకన్నా ముందు ఆ లైను దగ్గర ఆగిపోతాను. ఎంగేజింగ్ అంటే ఇదే కదా. జోకులు వేసి తెచ్చుకోవాలనుకుంటున్న ఆసక్తి నిజం చెబితే దానంతటదే వస్తుంది.

చెంచు పిల్లలు ఇప్పుడు ఆశ్రమ పాఠశాలల్లో చదువుకుంటున్నారు. ఎనిమిదో తరగతో పదో తరగతో చదివే పిల్ల ఒకతి ఏదో ఒక రోజు కథ రాసి మీ పత్రికకి పంపుతుంది. తన పెంట పేరు, తల్లి చేసే పని, తనను స్కూల్లో ఏమని పిలిచేవాళ్లో రాస్తుంది. అప్పటికి మీరు ఆ డబ్బాలో "అడవిబిడ్డ" అని రాసి రెడీగా పెట్టుకుని ఉండకండి. ఆ మాట ఇప్పటికే మాలాంటి కొట్టువాళ్ల పిల్లలకి పంచేశారు. ఆ పిల్ల ఏం రాసి పంపితే అది వేయండి.